ఒక్క ఈడువారు



నేటి కామారెడ్డి జిల్లాలోని దోమకొండ పేరు వినగానే అచ్చటి కోటయు, కోటలోపలి మహాదేవాలయమును తలపునకు వచ్చుట సహజమే. కాని ఆంధ్రవాఙ్మయముతో పరిచయము గలవారికి ఆ సంస్థానపు పూర్వప్రభువులలో నొకడైన కామినేని మల్లారెడ్డియు తలపునకు రావలెను. గోలకొండలో కుతుబ్‌షాహీలు ఏలుచున్న కాలమున బిక్కనవోలు సీమకు ప్రభువై యుండి, కత్తి పట్టిన చేతితోనే గంటమును పట్టి, పద్మపురాణమును, శివధర్మోత్తరమును, షట్చక్రవర్తి చరిత్రమును తెనుగున రచించిన రాజకవి యాతడు. వీనిలో చివరి గ్రంథము కూర్పు చూడదగినది. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు: ఈ యార్గురును ఒక కాలమువారు కారు, ఒక స్వభావమువారు అంతకన్నను కారు, సత్యమునకై ఆలిని అమ్ముకొన్నవాడొకడు, జూదమున రాజ్యము పోగొట్టుకొన్నవాడొకడు, వేయి చేతులుండియు పరశురాముని చేత కూలినవాడొకడు. వారిని ఒక్క పుస్తకమున నిలుపుటకు మల్లారెడ్డికి దొరికిన సూత్రము చక్రవర్తిత్వము. నేనీ పూట మీ ముందు నిలుపబోవు వారికి అంతటి ఘనమైన సూత్రమేదియు లేదు. వారందఱును 1895వ సంవత్సరమున పుట్టిరి, అంతే.

పుట్టిన యేడు ఒకటగుట కాకతాళీయమే కదా, దానిని పట్టుకొని ప్రసంగమేమిటని మీకు తోచవచ్చును. తోచుట న్యాయమే. అయినను మన పల్లెలలో మనిషిని గుర్తించు తీరు ఒకటి కలదు: వయస్సెంతయని అడిగినచో ముసలివారు అంకె చెప్పరు, ఫలానివాడు నా ఈడువాడు అని చెప్పుదురు. ఈడు అనగా ఒకే కఱవును ఒకే వయస్సున తిన్నవారు, ఒకే రైలును ఒకే వయస్సున మొదట చూచినవారు. ఆ దృష్టితో చూచినచో ఒక యేటివారిని పక్కపక్కన నిలుపుట వినోదమాత్రము గాక, ఆ యేడు ఎవరికేమి యిచ్చినదో, ఎవరికేమి యియ్యలేదో లెక్క చూచుటయే యగును.

ముందుగా పంచాంగము వారితో చిన్న తగవు తీర్చుకోవలెను. ఇంగ్లీషు లెక్కకు 1895 ఒక్కటే యేడు. మన లెక్కకు అది రెండు. ఉగాదికి ముందు నెలలు జయనామ సంవత్సరమునకు చెందును, ఉగాది తరువాత మన్మథనామ సంవత్సరము మొదలగును. కావున జనవరి 12వ తేదీన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు జయనామ సంవత్సరపు వాడు. తక్కినవారు మన్మథలోని వారు. ఇంకొక చిక్కు జిడ్డు కృష్ణమూర్తిది. మదనపల్లెలో మే నెలలో, అర్ధరాత్రి దాటిన పిదప పన్నెండున్నరకు ఆయన పుట్టెను; గడియారము ప్రకారము 12వ తేదీ, తెల్లవారుజామునకు గాని దినము మాఱని మన సంప్రదాయము ప్రకారము 11వ తేదీ. ఆయన జీవితచరిత్రలలో రెండు తేదీలును కనబడుటకు కారణమిదియే గాని చరిత్రకారుల అశ్రద్ధ కాదు.

సెప్టెంబరునకు వచ్చినచో ఆ యేడు ఒక్కసారిగా బిడ్డలను కుప్ప పోసినట్లు తోచును. 10వ తేదీన కృష్ణా మండలములోని నందమూరులో విశ్వనాథ సత్యనారాయణ, మఱునాడు 11న మహారాష్ట్రములోని గాగోదె గ్రామమున వినోబా భావే, 28న వినుకొండ ప్రాంతమున గుఱ్ఱము జాషువ, అక్టోబరు 8న భీమవరము చేరువ అడివి బాపిరాజు, ఆ నెల 31న నాగపూరులో కొఠారి కనకయ్య నాయుడు. కవులు, ఋషివంటి భూయాచకుడు, చిత్రకారుడు, క్రికెట్టు ఆటగాడు. ఇందఱును ఏడెనిమిది వారములలో.

ఆ బిడ్డలు తొట్టెలలో నుండగానే లోకమున మఱికొన్ని పుట్టుకలు జరిగినవి. కనకయ్య నాయుడు పుట్టిన కొలదిదినములకే జర్మనీలో రాంట్‌జన్ పండితుడు మాంసమును దాటి ఎముకను చూపు కిరణములను కనిపెట్టెను. ఆ డిసెంబరు 28న పారిస్ నగరములో లూమియేర్ సోదరులు టిక్కెట్టు కొన్నవారికి కదలు బొమ్మలను చూపిరి. ఇటలీలో మార్కోనీ యను యువకుడు తన తండ్రి తోటలో తీగ లేకుండ సంకేతములు పంపు ప్రయోగములు చేసినదియు ఆ యేటనే. మీరిప్పుడు నా మాట వినుచున్న ఈ రేడియో విద్యకు అది పురుడు. ఈ ముచ్చట చెప్పుట ఊరక కాదు. ఇరువదియేండ్లు నిండిన జాషువ రాజమహేంద్రవరమున పొట్టకూటికై చేపట్టిన కొలువు, మాటలు లేని ఆ కదలు బొమ్మలకు తెఱప్రక్కన నిలిచి కథయు, సంభాషణలును గొంతెత్తి చదువుట. తన యీడుదే యగు విద్యకు గొంతిచ్చినవాడు మన కవి. అఱువదియేండ్లు దాటిన పిదప కొంతకాలము మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా పనిచేసి, తన యీడుదే యగు రెండవ విద్యకును సేవ చేసెను.

ఇక వీరిని కలుపు దారము పుట్టిన యేడు తప్ప మఱేదియు లేదా యని వెదకగా నాకొకటి దొరికినది, అది కాశీ. సుబ్బారావు పదుమూడేండ్ల పిల్లవాడై యుండగా, చదువు మీద విసిగి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి పాఱిపోగా, తల్లి పట్టి వెనుకకు తెప్పించినది. విశ్వనాథ తండ్రి శోభనాద్రి కాశీనుండి శివలింగమును తెచ్చి స్వగ్రామమున విశ్వేశ్వరునకు గుడి కట్టించినవాడు. కొడుకు ఆ గుడి నీడనే పెరిగెను. కృష్ణమూర్తి పెద్దవాడైన పిదప ఆయన సంస్థలలో ఒకటి కాశీలోనే, గంగయొడ్డున రాజఘాటులో వెలసినది. మఱి జాషువ? ఆయన 1941లో వెలువరించిన గబ్బిలములో, గుడి గడప తొక్కుటకు వీలులేని అరుంధతీసుతుడొకడు తన గోడును కాశీ విశ్వనాథునకు చెప్పుమని గబ్బిలమును పంపును. గబ్బిలమునే యెందుకు? అది యెవరిని అడుగకుండ గుడిలోపలికి పోగలదు, దేవుని చెవిదగ్గఱ తలక్రిందులుగా వ్రేలాడగలదు. మనిషికి లేని అనుమతి దానికి కలదు. ఒకని యింటికి కాశీ విశ్వేశ్వరుడే నడచివచ్చెను, పదునెనిమిది దినములు తరువాత పుట్టిన వేఱొకనికి ఆ దేవునికడకు సందేశము పంపుటకైనను పక్షివంటి జంతువొకటి కావలసివచ్చెను. ఒకే యేట, ఒకే నెలలో, ఒకే భాషలో పుట్టుట యెంతమాత్రము సమానత్వమో ఇంతకన్న చక్కగా చెప్పుటకు నావల్ల కాదు.

ఈ యిరువురి విషయమున కొంచెము ఆగవలెను. ఇరువురును పద్యమునే నమ్ముకొన్నవారు. వచనకవిత్వము తెనుగునేలను ముంచివేయుచున్న రోజులలో సైతము వృత్తములను వదలనివారు. విశ్వనాథ బందరులో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారి శిష్యుడు. జాషువ కాలికి గండపెండేరము తొడిగినది ఆ చెళ్ళపిళ్ళవారే. ఒకరిని లోకము కవిసమ్రాట్టు అనినది, రెండవవారిని నవయుగ కవిచక్రవర్తి అనినది. కాని సామ్రాజ్యములు వేఱు. విశ్వనాథ శిథిలమగుచున్న ఒక ధర్మవ్యవస్థను చూచి శోకించి వేయిపడగలు వ్రాసెను. జాషువ ఆ వ్యవస్థయే తన యాకలికి కారణమని గబ్బిలము వ్రాసెను. ఇందులో ఎవరు గొప్ప యని సభలలో తగవులాడువారిని నేనెఱుగుదును. వేయిపడగల వంటి విస్తారమైన నవల తెనుగున మఱియొకటి లేదని నేను నమ్ముదును. అయినను ఆ గ్రంథమును చదివినవాడు గబ్బిలమును చదువకున్నచో, ఊరిని గుడివైపునుండి మాత్రమే చూచి తక్కిన సగమును చూడకుండ వెడలిపోయిన అతిథివంటివాడని నా అభిప్రాయము. ప్రభుత్వములు, పరిషత్తులు కడకు ఇరువురిని గుర్తించినవి: జాషువ క్రీస్తుచరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము, విశ్వనాథ రామాయణ కల్పవృక్షమునకు 1970 సంవత్సరపు జ్ఞానపీఠము. తెనుగునకు అది మొదటి జ్ఞానపీఠము. జాషువ 1971 జూలైలోను, విశ్వనాథ 1976 అక్టోబరులోను గతించిరి.

దోమకొండ పరిసరములవారికి విశ్వనాథ పరాయివాడు కాడు. 1959 నుండి 1961 వఱకు ఆయన పొరుగుననున్న కరీంనగరులో ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండెను. వేయిపడగలను హిందీలోనికి సహస్రఫణ్ అను పేర తెచ్చినదియు ఆ మండలపు పుత్రుడే, పాములపర్తి వేంకట నరసింహారావు గారు.

ఆ వేయిపడగలకే సంబంధించిన యొక విశేషము. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలలకు పోటీ పెట్టగా, బహుమానమును ఇరువురికి పంచవలసివచ్చినది: వేయిపడగలకు సగము, నారాయణరావు అను నవలకు సగము. ఆ రెండవ నవల రచయిత అడివి బాపిరాజు, విశ్వనాథ కన్న ఇంచుమించు నాలుగు వారములు చిన్నవాడు. ఒకే యీడువారు ఒకే బహుమానమును పంచుకొనుట చూడ ముచ్చటగా నున్నది. బాపిరాజు నవల వ్రాయును, బొమ్మ గీయును, పాట కట్టును, ఆ పాటను తానే పాడును. జాతీయోద్యమమున జైలుకు పోవును, బందరులో జాతీయ కళాశాలకు ఆచార్యుడగును. ఇన్ని చేసినవాడు దేనియందును శిఖరము నందలేదని విమర్శకులు పెదవి విఱిచిరి గాని, హైదరాబాదువారు ఆయనకు ఋణపడియున్నారు. 1944 నుండి కొన్నియేండ్లు ఆయన నిజాము రాజధానిలో మీజాను దినపత్రికకు సంపాదకుడై యుండెను. కాకతి రుద్రమదేవి నాటి గోన గన్నారెడ్డిని నవలానాయకుని చేసి, ఓరుగల్లు వైభవమును తెనుగు పాఠకుల యిండ్లకు చేర్చినవాడాయనయే.

భీమవరపు సుబ్బారావు కడకు మరల వత్తము. మెట్రిక్యులేషను మూడవసారి గాని దాటని ఆ విద్యార్థి, మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీగారి పిలుపున ఖద్దరు అంగరఖా ధరించి శస్త్రచికిత్సకు పోగా, తెల్లదొర ఆచార్యుని ఆగ్రహమునకు గుఱియై, పూర్తి పట్టమునకు బదులు చిన్న పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను. 1922లో అమెరికా చేరి, హార్వర్డులో ఫిస్కే యను శాస్త్రజ్ఞునితో గూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టెను. కండరము పనిచేయుటకు శక్తి నిచ్చు రసాయన పదార్థములను వెలికితీసెను. ఆ పిమ్మట లెడర్లే సంస్థలో పరిశోధనలకు నాయకుడై ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను, ఆరియోమైసిన్ అను సూక్ష్మజీవినాశకము వెలువడుటకు కారకుడయ్యెను, పసిబిడ్డల రక్తక్యాన్సరునకు మందుల నందించెను. సోదరులిద్దఱు స్ప్రూ అను జీర్ణవ్యాధితో కొలదికాలపు ఎడముతో గతింపగా చూచినవాడు, ఆ వ్యాధికి పనికివచ్చు ఫోలిక్ ఆమ్లము వెంట అన్నియేండ్లు పడుటలో వింత లేదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్లకే, న్యూయార్కులో కన్నుమూసెను. ఆయన బృందము తయారుచేసిన మందులలో ఒకటి బోదకాలుది. ఆరోగ్యకార్యకర్తలు మన పల్లెలలో ఇల్లిల్లు తిరిగి, ఎదుట నిలిచి మ్రింగించు డీ.ఈ.సీ. మాత్ర అదియే. ఆ మాత్రను మ్రింగినవారిలో ఎందఱకు ఈ భీమవరమువాని పేరు తెలియును?

కృష్ణమూర్తి గూర్చి కొద్దిగా చెప్పిన చాలును, ఆయనయే తనను గూర్చి ఎక్కువ చెప్పనిచ్చువాడు కాడు. తండ్రి నారాయణయ్య రెవెన్యూ ఉద్యోగి. దివ్యజ్ఞానసమాజమున చేరి 1909లో కుటుంబముతో అడయారునకు వచ్చెను. అచ్చటి పెద్దలు ఆ బక్కపలుచని పిల్లవానిలో రాబోవు జగద్గురువును చూచితిమనిరి, అనీబిసెంటమ్మ పెంచినది, తండ్రి కొడుకుకొఱకు న్యాయస్థానముల కెక్కెను. జగద్గురువుకొఱకు ఒక సంఘమే సిద్ధము చేయబడినది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో, వేలమంది శిష్యుల యెదుట, ముప్పదినాలుగేండ్ల కృష్ణమూర్తి ఆ సంఘమును తానే రద్దు చేసెను. సింహాసనమును వదలుకొన్న రాజులు పురాణములలో కలరు గాని, తన కొఱకు కట్టిన పీఠమును పదిమంది ముందు పడగొట్టినవారు నాకు తెలిసినంతలో అరుదు. మదనపల్లె దాపున ఋషివ్యాలీ పాఠశాల నేటికిని నడచుచున్నది. 1986లో ఆయన కాలిఫోర్నియాలో గతించెను.

క్రికెట్టును నేను ఆడినవాడను కాను. అయినను కనకయ్య నాయుని కథలో నాకు నచ్చిన ఘట్టమొకటి కలదు. బందరునుండి నాగపూరు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబము వారిది. 1926 డిసెంబరులో బొంబాయిలో గిల్లిగన్ నాయకత్వపు ఇంగ్లీషు జట్టుపై ఆయన 153 పరుగులు చేసి, అందులో పదునొకండుసార్లు బంతిని సరిహద్దుకు అవతల గాలిలో పంపెను. 1932లో మన దేశపు జట్టు మొదటి టెస్టు ఆటకై ఇంగ్లండు పోవునపుడు నాయకుడుగా పోరుబందరు మహారాజును, ఉపనాయకుడుగా లింబ్డీ రాజకుమారుని ఎన్నుకొనిరి. ఆ రోజులలో ఆటకన్న కిరీటము ముందు. అయితే లార్డ్స్ మైదానమున జూన్ 25న ఆట మొదలగు వేళకు ఆ యిరువురును ఆటకు దూరము కాగా, రాజ్యము లేని నాయుడు భారతదేశపు తొలి టెస్టు నాయకుడయ్యెను. చేతికి గాయమైనను మొదటి ఇన్నింగ్సులో మనవారిలో అత్యధికముగా 40 పరుగులు చేసినవాడాయనయే. పోరుబందరు మహారాజు తొలగుటలోని సంస్కారమును గూడ నేను మెచ్చుకొందును.

వినోబాను తెలుగువానిగా లెక్కించుట సాహసమే. కాని ఆయన పేరు చరిత్రలో నిలిచినది మన నేలపైననే. 1951లో వార్ధా ప్రాంతమునుండి కాలినడకన వచ్చి హైదరాబాదు దాపున శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనమును ముగించుకొని, సాయుధపోరాటముతో అట్టుడుకుచున్న తెలంగాణములోనికి నడచెను. ఏప్రిల్ 18న పోచంపల్లిలో హరిజనులు తమకు ఎనుబది యెకరముల భూమి కావలెననగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూఱెకరములిత్తునని ప్రకటించిరి. భూదానోద్యమము అచ్చట పుట్టినది. దానమైన భూములలో ఎన్ని నిజముగా పేదల చేతికి చేరినవను ప్రశ్న వేఱు, అది చేదు ప్రశ్నయే. గబ్బిలము వ్రాసిన కవియు, ఆ భూమి నడిగిన సన్న్యాసియు ఒకే నెల బిడ్డలని మాత్రము మఱవరాదు.

ఇంతవఱకు చెప్పినవారిలో ఒక్కడును నాటి నిజాము రాజ్యమున పుట్టినవాడు కాడని మీలో కొందఱు ఈపాటికి గమనించియే యుందురు. నేను గూడ దానిని దాటిపోదలచుకొనలేదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కాలమది. బందరులోను, మద్రాసులోను ఉన్నతపాఠశాలలు నడచుచుండగా, ఇచ్చట కచేరి భాష ఉర్దూ. కామారెడ్డికి రైలు ఇంకను రాలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటకు ఇంకను ఆఱేండ్లున్నవి. తెలివిగల పిల్లలు ఆ యేట దోమకొండలో పుట్టలేదని యెవరనగలరు? పుట్టిన తెలివికి బడి లేదు, వ్రాసిన పద్యమునకు అచ్చుకూటము లేదు. ఈ లోటు పూరించుటకు పూనుకొన్న సురవరము ప్రతాపరెడ్డి 1896 మేలో పుట్టి, అయిదు నెలల తేడాతో నా పట్టికనుండి జాఱిపోయెను. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, తెలంగాణమున కవులే లేరన్న యెత్తిపొడుపునకు మాఱుమాటగా 354 మంది కవుల పద్యములను గోలకొండ కవుల సంచికగా అచ్చొత్తించినవాడాయన. వాదమునకు ఇంతకన్న మర్యాదగల సమాధానము నేను చూడలేదు.

అట్టి పని ఊరూర ఇంకను మిగిలియున్నది. దోమకొండ, బిక్కనూరు, ఎల్లారెడ్డి ప్రాంతముల ఉపాధ్యాయులకును, చదువుకొన్న యువకులకును నా మనవి యొక్కటియే. పాత పాఠశాలల ప్రవేశపు రిజిస్టర్లను, పట్వారీల దఫ్తరములను, ఇండ్ల అటకలమీది జాతకచక్రములను చెదలు తినకముందే దింపించి చూడుడు. మీ ఊరివరకు ఏదో ఒక యేటిని ఎన్నుకొనుడు. ఆ యేట పుట్టినవారెవరు, వారిలో బడికి పోయినదెవరు, పశువుల వెంట పోయినదెవరు, మగ్గము పట్టినదెవరు, ఊరు విడిచినదెవరు, పాట కట్టినదెవరు అని ముసలివారిని కూర్చుండబెట్టి అడిగి, ఆడవారి పేర్లు మఱవకుండ, ఒక పుస్తకమున వ్రాసి గ్రంథాలయమున నుంచుడు. తొంబదియేండ్లు దాటినవారు మీ ఊళ్ళలో ఇంకను కొందఱున్నారు. వారిని ఈ యేడే అడుగుడు.